తాతయ్య చేసిన బొమ్మరిల్లు

ప్రశ్న: అమ్మ చిన్నప్పుడు తాతయ్య చెక్కతో చేసిచ్చిన బొమ్మరిల్లు మా దగ్గరుందండి, లోపల కొండపల్లి బొమ్మలు, ఏటికొప్పాక లక్క వంటసామాను కూడా. గోడల కింద పిండిలా పొడి రాలుతోంది. తడిబట్టతో తుడిచి పెయింట్ వేయించొచ్చా?

జవాబు: అయ్యో, పెయింట్ అస్సలొద్దండి, వెలిసినా సరే ఆ రంగు మీ తాతయ్య చేత్తో వేసింది. పొడి రాలుతోందంటే పుచ్చు పురుగే, కింద నల్లకాగితం పరిచి చూడండి, ఇంకా రాలుతుంటే పురుగు బతికున్నట్టే, తెలిసిన వడ్రంగి చేత కన్నాల్లోకి సిరంజితో మందెక్కించండి, ఆ తర్వాత పిల్లల చేతికివ్వొద్దు. కొండపల్లి బొమ్మలకి తడి తగలనివ్వకండి, తెల్లపొణికి కర్ర ముక్కల్ని చింతగింజల పిండితో అతికిస్తారు కదా, నానితే ఊడొచ్చేస్తాయి, మెత్తటి బ్రష్ చాలు. లక్క సామాను ఎండలో పెట్టారంటే వేడికి మెత్తబడిపోద్ది, జాగ్రత్త.