లేజర్ భౌతికశాస్త్రమే చదువుతానంటోంది: గాజువాక నుంచి ఒక తండ్రిగారి ప్రశ్న

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎం.పి.సి. రెండో సంవత్సరం చదువుతోంది. లేజర్ కాంతికి ఎదురుగా ఎలక్ట్రాన్లను పంపి గామా కిరణాలు పుట్టించే ప్రయోగాల గురించి విన్నప్పటి నుంచి ఇంజనీరింగ్ వద్దంటోంది. ఆ చదువులో బతుకుతెరువు ఉంటుందా?

జవాబు: అయ్యా, ముందుగా మీ అమ్మాయిని ఆకట్టుకున్నదేమిటో మీరూ తెలుసుకోవాలి. అమెరికాలోని స్లాక్ ప్రయోగశాలలో 1990లలో 46.6 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల (ఎలక్ట్రాన్ వోల్టు సూక్ష్మకణాల శక్తికి కొలమానం, గిగా అంటే వంద కోట్లు) ఎలక్ట్రాన్లను టెరావాట్ లేజర్ కాంతికి దాదాపు ఎదురుగా పంపినప్పుడు, రెండున్నర ఎలక్ట్రాన్ వోల్టులైనా లేని ఆకుపచ్చ ఫోటాన్ (కాంతి కణం) ఎలక్ట్రాన్‌ను తాకి వెనుదిరిగేసరికి దాని శక్తి సుమారు 29 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వరకు, అంటే దాదాపు 1,200 కోట్ల రెట్లు పెరగగలిగింది. ఇంతవరకు ఇది 1923లో కాంప్టన్ వివరించిన పరిక్షేపణమే, అంటే ఎలక్ట్రాన్లను తాకి కాంతి చెదరడమే. అయితే లేజర్ తీవ్రత బాగా పెరిగినప్పుడు, మన పోర్టులో హమాలీ ఒక్క విడతలో నాలుగు బస్తాలు ఎత్తినట్టు, ఒకే ఎలక్ట్రాన్ నాలుగు ఫోటాన్లను కూడా ఒకేసారి గ్రహించి ఒక్క గామా ఫోటాన్‌ను వెలువరించగలదని అక్కడే గమనించారు. ఆ గామా ఫోటాన్లు తిరిగి లేజర్ కాంతితో ఢీకొని ఎలక్ట్రాన్–పాజిట్రాన్ (ధనావేశమున్న ఎలక్ట్రాన్ వంటి కణం) జంటలుగా మారాయని 1997లో ప్రకటించారు. వెలుగూ వెలుగూ తాకి పదార్థం పుట్టిందన్న మాట చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది; పదిహేడేళ్ల పిల్లకు పులకరించడంలో వింతేముంది?

ఇక బతుకుతెరువు. కేంద్రప్రభుత్వ సైన్సు విద్యాసంస్థలైన తిరుపతి ఐసర్‌లోగాని, నెస్ట్ పరీక్ష రాసి భువనేశ్వర్ నైసర్‌లోగాని అయిదేళ్ల కోర్సు, ఆపైన అయిదారేళ్ల పీహెచ్‌డీ అనుకుంటే, ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు వచ్చేదాకా స్థిరమైన ఉద్యోగం ఆశించకూడదు. జేఆర్‌ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే, 2023 నాటి రేటు ప్రకారం, నెలకు 37,000 రూపాయలు అందుతాయి కనుక పీహెచ్‌డీ కాలంలో చాలావరకు ఇంటిమీద భారం పడదు. దూరం పంపలేమనుకుంటే ఇక్కడే డిగ్రీ చేసి, జామ్ పరీక్ష ద్వారా ఐఐటీలో ఎమ్మెస్సీకి వెళ్లవచ్చు; కాంతి పరిక్షేపణంపై రామన్ దగ్గర పనిచేసిన సూరి భగవంతం గారు పాఠాలు చెప్పిన ఆంధ్ర విశ్వవిద్యాలయమూ మన ఊళ్లోనే ఉంది.

ఇంజనీరింగ్ వద్దన్న మాటను మాత్రం తొందరపడి ఖాయం చేయకండి. కణాలను మహావేగంతో పరుగెత్తించే యాక్సిలరేటర్లూ, అధికశక్తి లేజర్లూ రెండూ ఉన్న ఇండోర్ రాజా రామన్న కేంద్రం వంటి చోట్ల భౌతికశాస్త్రజ్ఞులతో పాటు ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లూ కావాలి. ముంబైలోని భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) ట్రైనింగ్ స్కూలు ఎమ్మెస్సీ వారినీ, బీటెక్ వారినీ తీసుకుంటుంది. అయినా మీ అమ్మాయి అడుగుతున్నది కాంతి స్వభావాన్ని గురించి కనుక, నా ఓటు అయిదేళ్ల సైన్సు కోర్సుకే.

నిర్ణయానికి ముందు ఆమె ప్రాక్టికల్ రికార్డు ఒకసారి తెరిపించండి. పట్టకం ముందు గుండుసూదులు గుచ్చి వక్రరేఖ గీసే ప్రయోగంలో ఒక రీడింగు తేడా వచ్చినప్పుడు పక్కవారిది చూసి దిద్దిందా, సూదులు పీకి మళ్లీ గుచ్చిందా అని అడగండి. మళ్లీ గుచ్చానంటే నెస్ట్ దరఖాస్తు నింపించండి.