ఎఫ్ఎం స్టేషన్ చరిత్ర రాస్తానన్న అమ్మాయికి

చి. అమ్మలూ,

ఆశీస్సులు. మీ ఊరి ప్రైవేటు ఎఫ్ఎం స్టేషన్ చరిత్ర రాస్తానన్నావు, ఎక్కడ మొదలుపెట్టమంటావు బాబాయ్ అని అడిగావు. ఎక్కడ మొదలుపెట్టకూడదో ముందు చెబుతాను: ఆర్జేల దగ్గర. మాట్లాడటం వాళ్ల వృత్తి. గంటలకొద్దీ కమ్మగా కబుర్లు చెబుతారు. ఇంటికొచ్చి నోట్సు తిరగేస్తే ఒక్క తేదీ ఉండదు. వాళ్లని చివరికి ఉంచుకో. ముందు కాగితాలు పట్టుకో, అందులోనూ డబ్బు కాగితాలు. ఏ పాట ఎన్నిసార్లు వేయాలి, పాటల మధ్య ఎంతసేపు మాట్లాడాలి, అర్ధరాత్రి స్టూడియోలో మనిషి ఉండాలా, కంప్యూటర్‌కి వదిలేయాలా, ఇవన్నీ తేల్చింది ఆ లెక్కలే.

దేశం మొత్తం కథని ఒక చిన్న అధ్యాయం దాటనివ్వకు. 1993లో ఆకాశవాణి తన ఎఫ్ఎంలో కొంత సమయాన్ని ప్రైవేటు వాళ్లకి అమ్మడం మొదలుపెట్టింది, 1998లో మానేసింది. ఈలోగా 1995 ఫిబ్రవరిలో, క్రికెట్ ప్రసారాల కేసులో, గాలిలో తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు తేల్చింది. తర్వాత మొదటి విడత వేలం. 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలు పెడితే చివరికి నిలదొక్కుకున్నవి 12 నగరాల్లో 21 స్టేషన్లు. వాటిలో తొలిగా పలికింది 2001 జూలై 3న బెంగళూరులో రేడియో సిటీ. మిగతావాళ్లు ఎందుకు జారుకున్నారంటావా? వేలంలో పాడిన ఫీజు ఏటా కట్టాలి, అది ఏటికేడు 15 శాతం పెరుగుతుంది. ప్రకటనలు వచ్చినా రాకపోయినా ఫీజు మాత్రం ఆగదు. 2005లో రెండో విడతకి ఈ పద్ధతి మార్చి, ఒకసారి ప్రవేశ రుసుము, ఆపైన ఏటా స్థూల ఆదాయంలో 4 శాతం అన్నారు. హైదరాబాద్‌లో 2006లో స్టేషన్లు వరసగా రావడానికి, ఆ వెనకే విజయవాడ, విశాఖ, రాజమండ్రి, తిరుపతి, వరంగల్ దాకా పాకడానికి కారణం అదే. పుస్తకంలో ఈ 4 శాతం సంగతి లేకపోతే మీ ఊళ్లో స్టేషన్ ఎందుకు పుట్టిందో నువ్వు చెప్పనట్టే.

ఇక స్టేషన్‌లోకి వెళ్లాక ప్రోగ్రామింగ్ హెడ్ గదికన్నా ముందు ప్రకటనల షెడ్యూలు చూసే ట్రాఫిక్ వాళ్ల బల్ల దగ్గరికి వెళ్లు. ఏ గంటలో ఏం ప్రసారమైందో రాసి ఉంచే పాత లాగ్ షీట్లు అడుగు. ఒక్క గంట షీటు చేతికొచ్చినా చాలు, సెకన్లతో సహా వరసగా ఉంటుంది: జింగిల్ (స్టేషన్ పేరు పలికే చిన్న ట్యూన్), పాట, లింక్ (పాటల మధ్య ఆర్జే మాట), మళ్లీ పాట, ప్రకటనల బ్రేకు. పాటల పేర్లు ఎవరైనా చూస్తారు, నువ్వు బ్రేకులు చదువు. జూన్ షీటులో కార్పొరేట్ కాలేజీల అడ్మిషన్లు, ఆషాఢంలో చీరల డిస్కౌంట్లు, అక్షయ తృతీయ ముందు బంగారం కొట్లు, భూముల ధరలు ఊపు మీదున్న ఏడాది వెంచర్ల ప్లాట్లు. ఏ కొట్టు ఏ సంవత్సరం ప్రకటన మానేసిందో కూడా అందులోనే తెలిసిపోతుంది. నన్నడిగితే మీ ఊరి బజారు చరిత్ర ఇంత వివరంగా ఏ పేపరు ఆఫీసులోనూ దొరకదు. పది సెకన్ల ప్రకటన రేటు ఏ ఏడాది ఎంతో ఇన్వాయిసుల్లో ఉంటుంది, అదీ రాసుకో.

పాటల లెక్క వేరే ఉంది. వేసే ప్రతి పాటకీ హక్కుదారులకి రాయల్టీ కట్టాలి. మొదట్లో అది గంటకింత అని ఉండేది, చిన్న స్టేషన్లకి నడుం విరిగేది. 2010 ఆగస్టు 25న కాపీరైట్ బోర్డు నికర ప్రకటనల ఆదాయంలో 2 శాతం చాలంది. ఆ తీర్పుకి ముందు, తర్వాత మీ స్టేషన్ ఏ కంపెనీల పాటలు వేసిందో, పాత పాటల కార్యక్రమం ఎప్పుడు పెరిగిందో, ఎప్పుడు తగ్గిందో షీట్లు పక్కపక్కన పెట్టి చూడు. శ్రోతల అభిరుచి మారిందని ఎవరైనా చెబితే, ఈ తేదీలు చూశాకే నమ్ము.

వార్తల గురించి తప్పకుండా రాయాలి. ప్రైవేటు ఎఫ్ఎం సొంతంగా వార్తలు చదవకూడదు. మూడో విడత నిబంధనల్లో ఆకాశవాణి బులెటిన్‌ని ఉన్నదున్నట్టు వినిపించడానికి ఒప్పుకున్నారు, ట్రాఫిక్, వాతావరణం, కరెంటు, మంచినీళ్ల సమాచారానికి అడ్డు లేదన్నారు. అందుకని తుపాను వచ్చిన రోజు, బంద్ జరిగిన రోజు ఆర్జే ఏమన్నాడో, ఏం మింగేశాడో అడిగి తెలుసుకో. నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది ఆ రోజులే.

'నంబర్ వన్' అన్న పోస్టర్ చూసి మోసపోకు. డైరీలు నింపించి శ్రోతల్ని లెక్కగట్టే 'రామ్' సర్వే 2007లో మొదలైంది కానీ అది ఢిల్లీ, ముంబై, కోల్‌కతా, బెంగళూరులకే పరిమితమైంది. తెలుగు ఊళ్లలో ఎవరు మొదటివాళ్లమన్నా ఏ సర్వే, ఏ వయసువాళ్లు, ఏ గంటలు అని అడుగు. శ్రోతలు నిజంగా ఎలా పెరిగారో తెలియాలంటే ఆటోవాళ్లనీ సెలూన్లవాళ్లనీ పాత కీప్యాడ్ ఫోన్లు అమ్మినవాళ్లనీ కదిలించు. వైర్ ఇయర్‌ఫోన్ గుచ్చితే అదే యాంటెన్నా అయ్యేది. ఖరీదైన ఫోన్లలో ఆ సదుపాయం మాయమవుతుంటే 2023లో కేంద్రమే కంపెనీలకి తీసేయొద్దని చెప్పాల్సి వచ్చింది.

ఇంజినీరుని మర్చిపోకు. టవర్ ఎవరిది, ట్రాన్స్‌మిటర్ ఎన్ని వాట్లది, ఏ మండలం దాకా అందేది, పిడుగు పడితే ఏం చేసేవాళ్లు అని అడుగు. 92.7, 93.5, 94.3 అని అంకెలు ఎందుకలా ఉంటాయంటే ఒకే ఊళ్లో స్టేషన్‌కీ స్టేషన్‌కీ 800 కిలోహెర్ట్జ్ ఎడం ఉండాలి. ఆయన బొమ్మ గీసి చూపిస్తాడు. ఆ కాగితం తెచ్చుకో.

అప్పుడు ఆర్జేల దగ్గరికి వెళ్లు. 'మీ అనుభవాలు చెప్పండి' అంటే మళ్లీ కబుర్లే. లాగ్ షీటు ముందు పెట్టి, 'ఈ ఉదయం ఈ లింక్ ఎందుకు అంత చిన్నది?' అని అడుగు. మానేసి వెళ్లినవాళ్లు ఎక్కువ నిజం చెబుతారు.

తొందరపడాల్సింది ఆడియోకి. ప్రసారం రికార్డింగులు మూడు నెలలు ఉంచాలన్నదే నిబంధన, ఆ తర్వాత ఉంచినవాడు పుణ్యాత్ముడు. పాత హార్డ్ డిస్కులు, ప్రోమోల సీడీలు, శ్రోతలు ఇంట్లో రికార్డు చేసుకున్న కేసెట్లు ముందు కాపీ చేయించు, రాత తర్వాత. రెండో విడత నుంచి మూడో విడతకి మారిన స్టేషన్ల అనుమతి 2015 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లే, అంటే 2030 మార్చికి సరి. మీ స్టేషన్ అందులో ఉందో లేదో అనుమతి పత్రంలో చూడు. ఆ గడువులో ఆఫీసు మారితే ముందు పారేసేది పాత డిస్కులే.

మొదటి షీటు దొరకగానే ఫొటో తీసి పంపు. బ్రేకుల్లో ఏముందో నేనూ చూస్తాను.

ఇట్లు,
మీ బాబాయి