పరాయి ఊళ్లో నీ డిటెక్టివ్

చిరంజీవికి,

ఆ సినిమాను సాగదీశారని రాశావు. దాని జబ్బు నిడివి కాదు. హీరో లండన్‌లో దిగిన మర్నాడే ఓ ఇంటి తలుపు తన్ని లోపలికి దూరాడు, అనుమానితుణ్ని కాలర్ పట్టి లాక్కొచ్చాడు. ఆపేవాడే లేనప్పుడు ఉత్కంఠ ఎక్కణ్నుంచి వస్తుంది?

నీ స్క్రిప్టులోనూ అదే తంతు. 27వ సీన్లో ఇంటర్‌పోల్ వాళ్లు వచ్చి బేడీలు వేస్తారు. వాళ్లు వెయ్యరు. ఫ్రాన్స్‌లోని లియోన్‌లో కూర్చుని దేశాల పోలీసుల మధ్య సమాచారం నడిపే సంస్థ అది. వాళ్ల రెడ్ నోటీసు కూడా వారంటు కాదు, నిందితుణ్ని వెతికి పట్టి ఉంచమనే విన్నపం. దాన్ని ఎంతవరకు పట్టించుకోవాలో ఆ దేశపు చట్టమే చెబుతుంది. మన పోలీసుకు అక్కడ అరెస్టు చేసే అధికారం లేదు, సోదా చేసే అధికారం లేదు. బ్యాంకు కాగితాలు కావాలంటే ఇక్కడి కోర్టు నుంచి లెటర్ రొగేటరీ, అంటే సాయం కోరుతూ పరాయి దేశానికి రాసే లేఖ, వెళ్లాలి. జవాబుకు నెలలు పట్టొచ్చు.

లండన్ పోలీసుకూ గడియారం ఉంది. ఇంగ్లండ్‌లో 1984 నాటి పోలీసు చట్టం ప్రకారం, అభియోగం మోపకుండా మామూలుగా 24 గంటలే ఉంచుకోగలడు. తీవ్రమైన నేరమైతే సూపరింటెండెంటు అనుమతితో 36, మేజిస్ట్రేటు ఒప్పుకుంటే 96. (ఉగ్రవాదం కేసుల లెక్క వేరు.) పక్కన లాయరు, ఎదుట రికార్డరు, నిందితుడి నోట 'నో కామెంట్'. చెంపదెబ్బ సీను అక్కడ చెల్లదు.

మరి నీవాడికి ఏం మిగిలింది? చెవి. నిందితుడు 'అన్న డబ్బిచ్చాడు' అంటాడు. దుబాసీ దాన్ని 'బ్రదర్' అంటాడు. పోలీసులు తోడబుట్టినవాడి కోసం వెతుకుతారు. 'అన్న' అంటే ఎవడైనా కావచ్చని ఆ స్టేషన్లో తెలిసింది నీ హీరోకొక్కడికే.

గడియారాన్నీ వాడుకో. అక్టోబరు ఆఖరి ఆదివారం తెల్లవారుజామున 2 కాగానే, వేసవికని గంట ముందుకు జరిపిన ముల్లు అక్కడ 1కి తిరుగుతుంది. అంటే 1.30 రెండుసార్లు వస్తుంది. ఆ వేళకు ఇంటికి ఫోన్ చేశానంటాడు నిందితుడు. ఇక్కడి ఫోన్లో ఆ కాల్ ఉదయం 6కి వచ్చినట్టుంటే అది మొదటి ఒకటిన్నర, 7కి అయితే రెండోది. మధ్య గంటలో హత్య పెట్టు.

27 కొట్టెయ్. థేమ్స్ మీద డ్రోన్ షాట్లు నాలుగున్నాయి, అవీ తీసెయ్. హంతకుడు ఆ రోజు గంటగంటకీ ఎక్కడున్నాడో ఒక్క కాగితం మీద రాసి, ముందు ఆ కాగితం పంపు.

ఉంటాను.