కొత్తగా చేరే ఎస్‌జీటీకి తరగతి సామగ్రి, ఉదయపు వంట ఎలా కుదురుతాయి?

ఉపాధ్యాయ నియామకాల డీఎస్సీలో ఎస్‌జీటీగా, అంటే ప్రాథమిక తరగతులు చెప్పే సెకండరీ గ్రేడ్ టీచరుగా, ఎంపికై త్వరలో ఒక పల్లెటూరి బడిలో చేరబోతున్నానని, తరగతి గదికి ముందుగా ఏమేమి కొనుక్కోవాలో, పొద్దున్నే బస్సు పట్టుకోవలసిన మనిషికి ఇంటి వంట ఎలా కుదురుతుందో చెప్పమని అడిగారు. ఆంధ్రప్రదేశ్‌లోని ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్న ఉపాధ్యాయినిగా నా అనుభవం మేరకు రాస్తున్నాను. కొనడానికి తొందరపడకండి. నా తరగతిలో రోజూ వాడుకలో ఉండే సామగ్రిలో చాలా భాగం మా వంటింట్లోంచి వెళ్ళినదే.

అన్నిటికంటే ఎక్కువగా పనికివచ్చినవి కొబ్బరి ఈనెల చీపురు పుల్లలు. వాటిని జానెడు ముక్కలుగా కత్తిరించి, గుచ్చుకోకుండా మొనలు తీసేసి, పదేసి చొప్పున రబ్బరు బ్యాండుతో కట్టలు కట్టుకుంటే పదులు, ఒకట్లు చెప్పడానికి అంతకు మించిన పరికరం లేదు. 42 నుంచి 17 తీసివేయమన్నప్పుడు, నాలుగు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతిలో ఉన్న పిల్లవాడికి రెండింటిలోంచి ఏడు రావని మనం చెప్పనవసరం లేదు. వాడే ఒక కట్ట విప్పి, పన్నెండు పుల్లల్లోంచి ఏడు పక్కన పెట్టి, మిగిలిన మూడు కట్టల్లోంచి ఒకటి తీసేసి, రెండు కట్టల ఐదు పుల్లలు చూపిస్తాడు. ఆ తరువాత నల్లబల్ల మీద అదే లెక్క వేస్తే, పైన చిన్న అంకె ఎందుకు రాస్తున్నామో వాడికి అర్థమవుతుంది.

వేసవిలో ఏడాదికి సరిపడా చింతపండు తీసుకుని గింజలు ఒలిచేటప్పుడు వచ్చే చింతపిక్కలను పారేయకుండా కడిగి ఎండబెట్టుకోండి. లెక్కపెట్టడానికీ, సమాన భాగాలు చేయడానికీ, సరి బేసి చెప్పడానికీ అవే చాలు. ఒక వైపు అరగదీసి తెల్లగా చేస్తే అష్టాచెమ్మా పందేలకు పనికివస్తాయి. ఆ ఆటలో కూడికలు వాటంతటవే వస్తాయి. ఒకటో తరగతి పిల్లలకు మాత్రం మీరు పక్కన ఉన్నప్పుడే ఇవ్వండి, ఎందుకంటే ఆ వయసు వాళ్ళు పిక్కలను ముక్కులోనో చెవిలోనో పెట్టుకుంటారు.

దుకాణాల్లో దొరికే రంగురంగుల ప్లాస్టిక్ చార్టుల మీద నాకు పెద్దగా గురి లేదు. పిల్లల చేతికి అందనిది ఎంత అందంగా ఉన్నా వారం తిరిగేసరికి గోడలో భాగమైపోతుంది. మా బడిలో స్మార్ట్ టీవీ ఉంది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ ద్వారా ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన దీక్షలో దొరికే వీడియోలను ముందే దింపుకుని వెళితే, ఒక తరగతి అవి చూస్తుండగా మరొక తరగతికి పాఠం చెప్పుకోవచ్చు. కరెంటు పోయిన రోజు మళ్ళీ పుల్లల కట్టలే దిక్కు.

బడి వంటగదిని కూడా వదలకండి. ప్రాథమిక తరగతుల్లో మధ్యాహ్న భోజనానికి రోజుకు పిల్లకు 100 గ్రాముల బియ్యం లెక్క. హాజరు పూర్తయ్యాక 34 మంది ఉంటే ఎంత బియ్యం కావాలో మూడో తరగతి వాళ్ళను చెప్పమని, మూడు కిలోల నాలుగు వందల గ్రాములు కాటా మీద తూచే చోటికి తీసుకువెళ్ళండి. కిలోలు, గ్రాముల పాఠానికి వేరే సామగ్రి అక్కరలేదు.

ఇక ఇంటి వంట సంగతి. ఉదయం చేసే పనిని ముందురోజు రాత్రికి ఎంత జరపగలిగితే అంత మేలు. కూరగాయలు రాత్రే తరిగి పెట్టుకుని, తెల్లవారి కుక్కరులో ఒక గిన్నెలో పప్పు, ఒక గిన్నెలో అన్నం పెట్టేస్తే, అవి ఉడికేలోపు దొండకాయో బెండకాయో వేపుడు అయిపోతుంది. ఆదివారం నాడు కందిపొడి చేసుకుని ఉంచుకుంటే కూర కుదరని రోజున ఆదుకుంటుంది. కందిపప్పునూ కొంచెం శనగపప్పునూ సన్నని సెగ మీద లోపలి దాకా వేగనిచ్చి, ఎండుమిరపకాయలూ జీలకర్రా విడిగా వేయించి, అన్నీ పూర్తిగా చల్లారిన తరువాతే ఉప్పు, వెల్లుల్లి వేసి దంచాలి. వేడి మీద మిక్సీ పడితే చెమ్మ చేరి పొడి త్వరగా పాడవుతుంది. పులిహోర పులుసు ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకున్నా అంతే సులువు, పొద్దున అన్నంలో కలిపి తాలింపు వేస్తే చాలు.

క్యారేజీలో పెరుగన్నం మధ్యాహ్నానికి పులిసిపోతుందని చాలామంది మానేస్తారు. మెత్తగా వండిన అన్నంలో కాచి గోరువెచ్చగా చల్లార్చిన పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు కలిపి పెట్టండి; ఎండాకాలంలో భోజనం గంట కొట్టే వేళకు కమ్మగా తోడుకుని ఉంటుంది. చారు మాత్రం ఎంత బిగించినా బస్సు కుదుపులకు ఒలుకుతుంది, దాన్ని రాత్రికి ఉంచుకోవడమే మంచిది.

తప్పకుండా డబ్బు పెట్టి కొనవలసినవి నా లెక్కలో ఒక మంచి కత్తెర, జిగురు, డబ్బా రబ్బరు బ్యాండ్లు, రంగు సుద్దముక్కలు, మూత గట్టిగా పట్టే స్టీలు క్యారేజీ. పలకలు, బలపాలు బడిలో ఏమున్నాయో చూసుకున్నాకే కొనండి.