ముందు రాత్రుళ్ల లెక్క తేల్చుకోండి

మీకు హైదరాబాద్‌లో ఉద్యోగం, ఊళ్లో మీ అమ్మకు పక్షవాతం. కుడివైపు పడిపోయింది, మాట కూడా పోయింది. ఉద్యోగం మానేసి వెళ్లిపోవాలా, అందులో తృప్తి అంటూ ఏమైనా ఉంటుందా, దగ్గరుండి చూసుకున్నవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి అని మీరు అడిగారు. మా అమ్మదీ అచ్చం ఇదే. 2019 వేసవిలో పడిపోయింది, 2023 సంక్రాంతి వెళ్లాక పోయింది. మధ్యలో మూడున్నరేళ్లకు పైగా తెనాలిలో మా ఇంట్లోనే ఉంది.

పగలు ఎలాగోలా గడిచిపోతుందండీ. పనిమనిషి ఉంటుంది, ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు, ఎవరో ఒకరు పలకరించి పోతుంటారు. మన సత్తా తేలేది రాత్రి. మంచాన ఉన్న మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. పదకొండు, ఒంటిగంట, మూడు, ఐదు అని ఫోన్లో నాలుగు అలారాలు పెట్టుకున్నాను. మొదటి నెల అమ్మ మీద ప్రేమతో గడిచింది. రెండో నెలలో మూడింటి అలారం నిద్రలోనే ఆపేయడం మొదలుపెట్టాను. ఆపేసిన సంగతి నాకే తెలియదు.

ఒకరోజు ఒళ్లు తుడుస్తూ మా ఆవిడ పిలిచింది. నడుం కింద, తోక ఎముక మీద రూపాయి బిళ్లంత ఎరుపు. వేలితో నొక్కి వదిలినా తెల్లబడట్లేదు. నేను పౌడర్ వేసి గట్టిగా రుద్దాను. అలా రుద్దకూడదని తర్వాత తెలిసింది. మధ్యలో బొక్క ఉండే గుండ్రటి దిండు కొనుక్కొచ్చాను. చుట్టూ ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, అదీ వద్దన్నారు. పది రోజుల్లో తోలు లేచిపోయింది. ఆ పుండు మానడానికి నాలుగు నెలలు పట్టింది. డ్రెస్సింగ్ మార్చిన ప్రతిసారీ అమ్మ ఎడమచేత్తో మంచం కోడు పట్టుకునేది. ఆ నాలుగు నెలలు నన్నెవరైనా మంచి కొడుకు అంటే ఒళ్లు మండేది.

అప్పుడు ఎయిర్ బెడ్ కొన్నాం. అది ఉన్నా తిప్పడం తప్పదు. రెండు వరకు మా ఆవిడ, అక్కణ్నుంచి నేను అని రాత్రిని పంచుకున్నాం. వారానికి మూడు రాత్రులు ఒకావిడను డబ్బులిచ్చి పెట్టుకున్నాం. అందుకే మీరు ఉద్యోగం గురించి కాదు, ముందు రాత్రి ఎవరు లేస్తారన్నది తేల్చుకోండి. దానికి జవాబు ‘నేనే, రోజూ’ అయితే మూడో నెలకు మీరూ మంచం పడతారు.

ఇక ఉద్యోగం. నేను పదిహేనో రోజునే రాజీనామా ఇచ్చేశాను, తొందరపడ్డాను. పక్షవాతంలో కోలుకోవడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే కనబడుతుంది, ఫిజియోథెరపీ గట్టిగా చేయించాల్సిందీ అప్పుడే. కాబట్టి జీతం లేకపోయినా సరే, మూడు నెలల సెలవు అడగండి. ఆ తర్వాత మనిషి ఎక్కడ నిలబడిందో చూసి నిర్ణయం తీసుకోండి. ఆరు నెలలయ్యాక నేను ముందు గదిలో ఇంటర్ పిల్లలకు లెక్కల ట్యూషన్ మొదలుపెట్టాను. వచ్చిన డబ్బు పెద్దగా ఏం లేదు గానీ, రోజుకు రెండు గంటలు డైపర్లూ మందులూ కాకుండా ఇంకేదో మాట్లాడేవాణ్ని. పిచ్చెక్కకుండా కాపాడింది అదే.

మీరు మగవాళ్లో ఆడవాళ్లో రాయలేదు. కొడుకైతే ఒక మాట. అమ్మకు ఒళ్లు తుడవాల్సి వచ్చిన మొదటి రోజు నేను తల పక్కకు తిప్పుకున్నాను, తను గోడవైపు తిరిగింది. మా వీధి టైలర్ దారి చూపించాడు. నైటీలు వెనకవైపు నిలువునా కత్తిరించి తాళ్లు కుట్టిచ్చాడు. పైన దుప్పటి కప్పే ఉంచి, ఏ భాగం తుడుస్తున్నామో ఆ భాగమే తీసి, తుడిచి, మళ్లీ కప్పేవాళ్లం. నెల తిరిగేసరికి ఇద్దరికీ సిగ్గు పోయింది. చేయలేనేమో అనుకున్న పని అది, చివరికి అన్నిటికంటే తేలికైంది.

మాట పోయిందన్నారు కదా. మా అమ్మకు మిగిలింది ఒకే ఒక్క మాట: ‘సరే గానీ’. నీళ్లు కావాలన్నా సరే గానీ, నొప్పన్నా సరే గానీ, ఫ్యాన్ ఆపమన్నా అదే. బతికినన్నాళ్లూ ‘సరే గానీ...’ అని మొదలుపెట్టి మన పని పట్టిన మనిషి, ఇప్పుడు ‘గానీ’ తర్వాత ఏమీ రాదు. ఏ రాగంలో అందో దాన్నిబట్టి కనిపెట్టేవాళ్లం. ఒకసారి తిండి కోసం ముక్కులోంచి వేసిన గొట్టం పీకేసుకుంటే గట్టిగా అరిచాను. అరిచింది అమ్మ మీదే, వేరే ఎవరి మీదో కాదు. తను మెల్లగా, నన్ను ఊరుకోబెడుతున్నట్టు ‘సరే గానీ’ అంది. వంటింట్లోకి వెళ్లి చాలాసేపు నిలబడ్డాను. మీరూ అరుస్తారు. ముందే చెప్పి ఉంచుతున్నాను.

తొమ్మిదో నెల అనుకుంటా. ఫిజియోథెరపీ అబ్బాయీ నేనూ కలిసి ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ కూర్చోబెడుతుంటే, అమ్మ ‘నాలుగు’ అంది. ఇద్దరం వదిలేయబోయాం. ఐదు, ఆరు అంటూ పది దాకా వెళ్లింది. ‘నీళ్లు’ అనలేని మనిషి! డాక్టర్ను అడిగితే, వరసగా నోటికొచ్చినవి, అంటే అంకెలు, వారాల పేర్లు, పాటలు, మాట పోయినా కొందరికి నిలుస్తాయన్నారు. ఆ రోజు నుంచి రాత్రి మూడింటికి పక్కకు తిప్పేటప్పుడు లెక్క తనదే. చీకట్లో ఒకటి, రెండు అనేది, మూడుకు నేను తిప్పేయాలి. ఆలస్యమైతే ‘సరే గానీ’ అని కసురు. పదిహేనేళ్లు హైదరాబాద్‌లో ఉండి పండగకు పండగకు వచ్చిపోయినవాణ్ని. అమ్మతో అంత దగ్గరగా ఉన్నది ఆ మూడింటి వేళల్లోనే. మీరడిగిన తృప్తి అంటూ ఏదైనా ఉంటే, నాకు ఇదే.

ట్యూబ్ తీసేశాక తిండి విషయంలో జాగ్రత్త. పల్చటి నీళ్లకు పొలమారేది, చిక్కటి రాగిజావ మాత్రం దిగేది. పూర్తిగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెట్టి, తిన్నాక అరగంట పడుకోనివ్వకూడదు. మెత్తగా మెదిపిన పెరుగన్నంలో ఆవకాయ ఊట ఒక్క చుక్క కలిపిన రోజు అమ్మ చెంచాను పళ్లతో పట్టుకుని వదల్లేదు.

చుట్టాల గురించి ఎక్కువ రాయను. హార్లిక్స్ సీసా, బత్తాయిలు పట్టుకొచ్చి ‘ఎంత అదృష్టవంతురాలివమ్మా, ఇలాంటి కొడుకు’ అనేవారు. సగానికి పైగా చాకిరీ మా ఆవిడదే, ఆమె పేరు ఒక్కరూ ఎత్తలేదు. ఇప్పటికీ ఆమెకు నడుంనొప్పి. అన్నయ్య అమెరికా నుంచి ఆదివారం వీడియో కాల్లో సలహాలు చెప్పేవాడు. మొదట్లో కోపం వచ్చేది. రాత్రుళ్లకు పెట్టుకున్న ఆవిడకు, ఎయిర్ బెడ్‌కు డబ్బు పంపింది కూడా వాడేనని తర్వాత ఒప్పుకోవాల్సి వచ్చింది. మీకూ అలా దూరంగా ఉన్న తోబుట్టువులుంటే ‘ఎప్పుడైనా సాయం చెయ్యి’ అనకండి. ఫలానా ఖర్చు నెలనెలా నీది అని తేల్చి చెప్పండి.

డబ్బు అనుకున్నాం కాబట్టి ఇదీ చెబుతాను. వైకల్యం ఎంత శాతమో తేల్చి ఇచ్చే సర్టిఫికెట్‌కు (ఆంధ్రాలో సదరం అంటారు) వెంటనే దరఖాస్తు పెట్టండి. మీది ఆంధ్రా అయితే, పక్షవాతంతో పూర్తిగా మంచానికే పరిమితమైనవారికి ఎన్టీఆర్ భరోసా కింద 2024 నుంచి నెలకు 15,000 పింఛను ఉంది, అర్హత మీ ఊరి సచివాలయంలో కనుక్కోండి. మీరు పాత పద్ధతిలో ఇన్‌కం ట్యాక్స్ కడుతుంటే, అమ్మగారి వైకల్యం 80 శాతం, అంతకంటే ఎక్కువ ఉంటే పన్ను వేసే ఆదాయంలో 1,25,000 మినహాయింపు వస్తుంది. మరీ తట్టుకోలేకపోతే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అని, మనసు బాగోనప్పుడు మాట్లాడే హెల్ప్‌లైన్, ప్రభుత్వానిదే, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు. రోగికే చేయాలని రూలేం లేదు, చూసుకునేవాళ్లూ చేయొచ్చు.

మీ అమ్మగారు ఇప్పుడు నోటితో తింటున్నారా, ట్యూబ్ మీదే ఉన్నారా రాయండి. జావ ఎంత చిక్కగా కాచేవాళ్లమో మా ఆవిణ్ని అడిగి చెబుతాను. మా ఎయిర్ బెడ్ ఇంకా అటక మీదే ఉంది. తెనాలి, గుంటూరు వైపైతే ఎవరినైనా పంపి పట్టుకెళ్లండి. మోటారు కాస్త చప్పుడు చేస్తుంది గానీ పనిచేస్తుంది.