కండరంలో ప్రోటీన్ తయారీ వేగం కొలవబోతున్న అమ్మాయికి

అమ్మా,

నీ మెయిల్ చూశాను. లూసిన్ అనే అమైనో ఆమ్లం తాగించిన గంటకి చిట్టెలుక కండరంలో ప్రోటీన్ తయారీ పెరుగుతుందా లేదా అన్నది నీ ప్రశ్న. పద్ధతి తేల్చుకోలేక టెన్షన్ పడుతున్నావు. కండరంలో ప్రోటీన్ మొత్తం ఎంతుందో చూస్తే నీకేమీ తేలదు. ఒకపక్క తయారవుతుంటే ఇంకోపక్క కరుగుతూ ఉంటుంది. జీవరసాయన శాస్త్రవేత్త షోన్‌హైమర్ 1930ల్లోనే బరువైన నైట్రోజన్‌తో ఆ సంగతి చూపించాడు. కొత్తగా చేరినదానికే గుర్తు పెట్టాలి, ఎంతసేపు పెట్టామో కచ్చితంగా తెలియాలి.

మీ గైడ్ చెప్పిన ప్యూరోమైసిన్ పద్ధతి నీ పనికి చాలు, రేడియోధార్మికత గొడవ లేదు. ప్యూరోమైసిన్ అనే యాంటీబయాటిక్, తయారవుతున్న ప్రోటీన్ గొలుసు చివర అతుక్కుంటుంది, దాన్ని యాంటీబాడీతో పట్టుకుంటాం. గ్రాము బరువుకి 0.04 మైక్రోమోల్, పొట్టలోకి ఇంజెక్షన్. 25 గ్రాముల చిట్టెలుకకి ఒక మైక్రోమోల్, అంటే సుమారు అర మిల్లీగ్రాము. సరిగ్గా 30 నిమిషాలకి కండరం ద్రవ నైట్రోజన్‌లో పడాలి. అన్నిటికీ ఒకేసారి సూది వేసి తర్వాత వరసగా కోస్తూ కూర్చుంటే చివరి చిట్టెలుక లెక్క మొదటిదానితో కలవదు. ఒక్కో జంతువుకి కోయడానికి నీ చేతికి ఎంతసేపు పడుతుందో ముందే చూసుకుని, ఆ ఎడంతోనే సూదులు వేయి. మేత తీసేయడం, లూసిన్ తాగించడం కూడా అదే ఎడంతో జరగాలి. ఉపవాసం ఒక్కటే తయారీని తగ్గించేస్తుంది మరి. మత్తుమందు కూడా అంతే, అన్నిటికీ ఒకే మోతాదు, ఒకే సమయం.

ప్రోటీన్లని సైజు ప్రకారం విడదీసి యాంటీబాడీతో చూసే బ్లాట్‌లో ఒక బ్యాండు (గీత) కాదు, ఆ జంతువు లేన్ (నిలువు వరస) మొత్తం కొలవాలి. ప్యూరోమైసిన్ ఇవ్వని జంతువు ఒకటి తప్పకుండా ఉండాలి. యాంటీబాడీ చిట్టెలుకదైతే కణజాలంలోని సొంత యాంటీబాడీలు (ఇమ్యునోగ్లోబులిన్లు) కూడా వెలుగుతాయి, ప్యూరోమైసిన్ ఇవ్వని ఆ లేనే నిన్ను కాపాడుతుంది.

ఇందులో వచ్చేది పోలిక మాత్రమే. కంట్రోల్ కంటే ఎక్కువో తక్కువో చెప్పొచ్చు, రోజుకి ఇంత శాతం అని రాయకు. కాలేయాన్నీ కండరాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకు. రివ్యూయర్లు మొదట పట్టుకునేది అక్కడే.

నిజమైన శాతమే కావాలంటే గార్లిక్ బృందం 1980లో ప్రచురించిన ఫ్లడింగ్ డోస్ (ముంచెత్తే మోతాదు) పద్ధతి ఉంది. ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్‌కి అందే అమైనో ఆమ్లం రక్తంలోదా, కణంలోదా అన్న చిక్కు ఈ రంగంలో పాతదే. వాళ్ళు గుర్తున్న ఫినైల్‌అలనిన్ అనే అమైనో ఆమ్లాన్ని గుర్తులేని దానితో కలిపి, 100 గ్రాముల శరీర బరువుకి 150 మైక్రోమోల్ చొప్పున తోక సిరలోకి ఒక్కసారిగా ఇచ్చి ఆ తేడానే దాదాపు చెరిపేశారు. పది నిమిషాల్లో పని అయిపోతుంది. ప్రోటీన్‌లో చేరిన గుర్తుని విడి ఫినైల్‌అలనిన్ గుర్తుతో, సమయంతో భాగిస్తే వేగం వస్తుంది. ఇప్పుడు డ్యుటీరియం (బరువైన హైడ్రోజన్) ఉన్న ఫినైల్‌అలనిన్, ఆ బరువు తేడాని కొలిచే మాస్ స్పెక్ట్రోమీటర్ ఉంటే చాలు. లూసిన్‌ను మాత్రం గుర్తుగా వాడకు. నువ్వు పరీక్షించేదే లూసిన్ కదా!

డ్యుటీరియం ఉన్న నీటిని, అంటే భారజలాన్ని, గుర్తుగా ఇవ్వడం వారాల లెక్కకి బాగుంటుంది, నీ గంట లెక్కకి పనికిరాదు.

ఎథిక్స్ కమిటీ అనుమతిలో ప్యూరోమైసిన్ మోతాదు, సమయం రాసి ఉన్నాయో లేదో చూసుకో. తర్వాత టైమ్ పట్టిక వేసి నాకు పంపు. ఏ జంతువు పక్కనైనా కోసే నిమిషం ఖాళీగా కనిపిస్తే తిప్పి పంపేస్తాను.