స్తంభాన్ని సాగదీయకు

అమ్మలూ,

ఆఫీసులో చేరి మూడు వారాలైనా ఇంకా టాయిలెట్ డ్రాయింగులూ తలుపుల షెడ్యూళ్ళే చేయిస్తున్నారని మెయిల్లో తెగ బాధపడిపోయావు. నా చేతా మొదటి ఏడాదంతా అవే చేయించారు. టాయిలెట్ అంటే చిన్నచూపు చూడకు. నేల వాలు ఎటు, పైపు ఏ గోడలోంచి దిగుతుంది, తలుపు తెరిస్తే బేసిన్‌కి కొట్టుకుంటుందా అనేవి ఎవరూ అడక్కముందే చూసుకోవడం అక్కడే అలవాటవుతుంది.

సరే, అసలు సంగతి. వచ్చే వారం నుంచి నిన్ను పెద్ద ఇంటి పనిలో వేస్తున్నారట, ఆ క్లయింటు ముందు పోర్టికోకి "రోమన్ పిల్లర్లు" కావాలన్నాడట. ఆ మాట వినగానే గీతలు మొదలుపెట్టకు. ఆ మాటకి ఒక్కొక్కరి మనసులో ఒక్కో బొమ్మ ఉంటుంది. ఒకరికి ఆకుల తల ఉన్న కొరింథియన్, ఇంకొకరికి చుట్టల తల ఉన్న అయానిక్. నాలుగు ఫోటోలు ముందు పెట్టి ఏదో వేలు పెట్టి చూపించమను. ఏథెన్స్‌లోని పార్థెనాన్ గుడిలో ఉన్న డోరిక్ స్తంభానికి కింద బేస్ ఉండదు, నేరుగా మెట్టు మీదే నిలబడుతుంది. దానికి 20 నిలువు గాడులు, వాటి అంచులు పదునుగా కలుస్తాయి. అయానిక్‌కి మామూలుగా 24, ఒక్కో గాడికీ మధ్య సన్నటి పట్టీ వదులుతారు. అన్నిటికంటే సాదాగా ఉండే టస్కన్‌కి గాడులే ఉండవు. బడ్జెట్ దగ్గర క్లయింటు నసిగితే నేను టస్కన్ వైపే లాగుతాను. కొరింథియన్ ఆకులు చెక్కే చెయ్యి మంచిది కాకపోతే అవి క్యాబేజీలా తయారవుతాయి, ఆ తర్వాత ఎవరూ ఏమీ చెయ్యలేరు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెబుతాను. అప్పటికి నాకు రెండేళ్ళ అనుభవం, అన్నీ వచ్చేసిన ధీమా. ఆఫీసు కంప్యూటర్ లైబ్రరీలో నాలుగున్నర మీటర్ల అయానిక్ స్తంభం బ్లాక్, అంటే ముందే గీసిపెట్టిన బొమ్మ, రెడీగా ఉంది. నాకు కావలసింది ఆరు మీటర్లది. రాత్రి పదకొండైంది, పొద్దున్నే డ్రాయింగులు పంపాలి. వెడల్పు ముట్టుకోకుండా ఎత్తు స్కేల్ ఒక్కటీ 1.33 అని కొట్టాను. రెండు సెకన్లలో అయిపోయింది. షీటు మొత్తం కనబడేలా చూస్తే ఏ తేడా లేదు. అచ్చులు పోసి, జీఆర్‌సీ (గాజు పీచు కలిపిన సిమెంటు) ముక్కలు సైట్‌లో దిగాక, ఒక మేస్త్రీ క్యాపిటల్, అంటే స్తంభం తల, ముందు గొంతుక్కూర్చుని, "సార్, ఈ చుట్టలేంటి, కోడిగుడ్లు నిలబెట్టినట్టున్నాయి?" అన్నాడు. నిజమే, గుండ్రంగా తిరగాల్సినవి కోలగా సాగిపోయాయి. అలాంటివి ఆరు. ఆఫీసుకెళ్ళి బాసుగారికి నేనే చెప్పాను. ఆయన ఫైలు తెరిచి, 1.33 అన్న అంకె మీద వేలు పెట్టి, ఏమీ అనకుండా ఊరుకున్నారు. నాలుగు కేకలేసి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

స్తంభంలో మొదట తేల్చాల్సింది పాదం దగ్గర వ్యాసం. మిగతావన్నీ దాన్నిబట్టే వస్తాయి. 1562లో ఇటలీ ఆర్కిటెక్టు విన్యోలా ఇచ్చిన లెక్క ఇప్పటికీ పనికొస్తుంది. బేస్, క్యాపిటల్ కలుపుకుని ఎత్తు టస్కన్‌కి వ్యాసానికి 7 రెట్లు, డోరిక్‌కి 8, అయానిక్‌కి 9, కొరింథియన్‌కీ, ఆకులూ చుట్టలూ రెండూ ఉండే కాంపోజిట్‌కీ 10. ఆరు మీటర్ల అయానిక్ అంటే పాదం సుమారు 67 సెంటీమీటర్లు. అదే ఎత్తు టస్కన్‌లో అయితే 86. పోర్టికో వెడల్పులో అవి పడతాయా లేదా అన్నది ఇక్కడే తేలిపోతుంది. ఇది శాసనమేమీ కాదులే. పార్థెనాన్ స్తంభం ఎత్తు 10.4 మీటర్లు, పాదం 1.9 మీటర్లు, అంటే అయిదున్నర రెట్లే. కానీ నియమం తప్పే హక్కు మనకి ఇంకా రాలేదనుకో.

పాదం నుంచి మెడకొచ్చేసరికి స్తంభం సన్నబడాలి. అయానిక్‌కి ఆరో వంతు తగ్గించు, అప్పుడు మెడ దగ్గర 56 వస్తుంది. కింది మూడో వంతు దాదాపు నిటారుగా ఉంచి, అక్కణ్ణించి మెల్లగా వంపు తిప్పు. పైనుంచి కిందిదాకా ఒకే లావున ఉంటే నీళ్ళ పైపు పాతినట్టుంటుంది. అసలు చిక్కు ఈ మెడ దగ్గరే. బరువు మోసేది లోపలి కాంక్రీటు స్తంభం కదా, స్ట్రక్చర్ ఇంజినీరు నిన్ను అడక్కుండానే 40 బై 40 చదరం ఇచ్చేస్తాడు. దాన్ని మూల నుంచి ఎదురు మూలకి కొలిచి చూడు, 56.6 వస్తుంది. మెడలోంచి మూలలు బయటికి పొడుచుకొస్తాయి, పైన తొడిగే షెల్ మందం ఇంకా కలపనే లేదు. అందుకే వాళ్ళ డ్రాయింగు ఫైనల్ కాకముందే వెళ్ళి కూర్చో. 30 చదరానికో గుండ్రటి దానికో ఒప్పుకుంటారేమో అడుగు. మెయిల్ పెట్టి ఊరుకోకు, మనిషిని కలువు.

స్తంభాల మీద అడ్డంగా పడుకునే దూలం ముఖం మెడ దగ్గరి అంచుకి సరిగ్గా మీదుగా రావాలి. సెక్షన్‌లో దూలం ముఖం నుంచి ఒక నిలువు గీత కిందికి దించి చూడు, అది మెడని తాకాలి. కొత్త ఇళ్ళలో పది చోట్ల చూస్తే సగం పైగా ఇక్కడే తప్పుతారు. దూలం క్యాపిటల్ అంచుదాకా బయటికి రావడమో, మరీ లోపలికి ముడుచుకుపోవడమో జరుగుతుంది. చూసేవాళ్ళు తప్పేమిటో చెప్పలేరు గానీ ఏదో తేడాగా ఉందంటారు.

ఇంకోటి, పోర్టికో మూలలో స్తంభం ఉందా? అయానిక్ తలకి ముందూ పక్కా వేరు వేరు ముఖాలు. మూల స్తంభాన్ని రెండు వైపుల నుంచీ చూస్తారు కాబట్టి గ్రీకులు ఆ బయటి చుట్టని 45 డిగ్రీలకి ఏటవాలుగా బయటికి వంచారు. కాబట్టి నీ అచ్చులు ఒకటి కాదు, రెండు రకాలు. ఆర్డరు పెట్టేటప్పుడు ఈ మాట రాయకపోతే అన్నీ ఒకేలా వచ్చి కూర్చుంటాయి.

క్యాపిటల్‌ని ఒక్కసారైనా అసలు సైజులో ప్రింట్ తీసి, కాగితాలు అతికించి, ఆఫీసు గోడకి తగిలించు. పక్కసీటు వాళ్ళు నవ్వితే నవ్వనీ. రివిజన్ నంబరు మార్చకుండా ఏ షీటూ బయటికి పంపకు. సైట్‌లో ఉన్న పాత ప్రింట్‌ని నువ్వే స్వయంగా చింపి రా. రాత్రి పది దాటాక కొలతలు మార్చకు, నా 1.33 పుట్టింది ఆ వేళలోనే.

తయారీవాళ్ళు షాప్ డ్రాయింగు (చేసేముందు వాళ్ళు గీసే వివరాల బొమ్మ) పంపగానే నాకోసారి పంపించు, ముఖ్యంగా మెడ దగ్గరి సెక్షన్. కళ్ళజోడు మార్చాను, చిన్న అంకెలు కూడా బాగానే కనబడుతున్నాయి.

మావయ్య